కాకతి ప్రతాపరుద్ర చక్రవర్తి: ఓరుగంటి సామ్రాజ్యాస్తమయము

కృష్ణాతీరమునను, డెల్టా గ్రామములందును నివసించు మనకు ఓరుగల్లు దూరదేశమువలె తోచవచ్చును. ఏడువందల సంవత్సరముల క్రిందట అట్లు గాదు. దివిసీమ పొలములకును, కొల్లేటి చుట్టునున్న గ్రామములకును, మోటుపల్లి రేవున దిగు సరకులకును ప్రభువు ఓరుగంటి కోటయందే యుండెను. ఆ ప్రభుత్వము కూలిననాడు ఇచ్చటి కాపుల బ్రతుకులును, కరణముల బ్రతుకులును, నాయకుల బ్రతుకులును తలక్రిందులయ్యెను. ఆ సింహాసనముపై కడపట కూర్చున్నవాడు ప్రతాపరుద్రుడు. మహాసభ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు కోరినప్పుడు, గెలిచిన రాజులను విడిచి యీ యోడిన రాజునే మేము గైకొంటిమి. గెలిచినవారిని గూర్చి వ్రాయువారు పెక్కండ్రు గలరు.

సంస్కృత పాఠశాలలో అలంకారశాస్త్రము చదివినవారికి ఈ రాజు పేరు చిరపరిచితము. విద్యానాథుడను పండితుడు ఆ యాస్థానమున నుండి ప్రతాపరుద్రయశోభూషణమను లక్షణగ్రంథమును రచించెను. నాయకభేదము చెప్పవలెనన్నను, రసము చెప్పవలెనన్నను, ఉపమ చెప్పవలెనన్నను, ఆయన యిచ్చిన యుదాహరణమున కెల్ల నాయకుడు ప్రతాపరుద్రుడే. గ్రంథమధ్యమున నొక నాటకము సయితము ఈ రాజు పట్టాభిషేకమును గూర్చియే గలదు. మల్లినాథసూరి కుమారుడగు కుమారస్వామి సోమయాజి దానికి రత్నాపణమను వ్యాఖ్య వ్రాసెను. మేము ఆ గ్రంథమును పిల్లలకు పాఠము చెప్పిన దినములలో, వారు దీపకమునకును తుల్యయోగితకును భేదము చక్కగా నేర్చుకొనిరి గాని, ఆ రాజు కడకు ఏమయ్యెనని అడిగినవారు మిక్కిలి తక్కువ. పొగడ్తలోని రాజునకు ముసలితనము లేదు, ఓటమి లేదు. కావున ఆ మిగిలిన కథయే ఇచ్చట చెప్పుచున్నారము.

ప్రతాపరుద్రుడు గణపతిదేవ చక్రవర్తికి దౌహిత్రీపుత్రుడు. అనగా గణపతిదేవుని కూతురు రుద్రమదేవి. రుద్రమ కూతురు ముమ్మడమ్మ. ఆమెకు మహాదేవుని వలన పుట్టినవాడు ఈతడు. క్రీ.శ. 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలిన గణపతిదేవుడే తీరాంధ్రమును ఓరుగంటితో కలిపినవాడు. ఆతడు దివిసీమను జయించి, అచ్చటి అయ్యవంశపు ప్రభువులను నాశము చేయక, ఆ యింటి యాడుబడుచులగు నారాంబ, పేరాంబలను పెండ్లాడి, వారి సోదరుడగు జాయపను తన గజసైన్యమునకు అధిపతిగా జేసికొనెను. ఆ జాయపయే నృత్తరత్నావళిని రచించిన జాయసేనాని. దివిసీమలోని గణపేశ్వరాలయమును కట్టించి 1231లో శాసనము వేయించిన భక్తుడును ఆతడే. నతవాడి ప్రభువులతోడను గణపతిదేవుడు ఇట్లే వియ్యమందెను. కత్తితో గెలిచినదానిని చుట్టరికముతో నిలుపుకొనుట ఆతని నేర్పు.

ఆతని మఱియొక నేర్పు మోటుపల్లి అభయశాసనమున గనబడును. ఓడ పగిలి సరకు తీరమునకు కొట్టుకొని వచ్చినచో, అంతకు ముందటి రాజులు దానిని తమ సొమ్ముగా లాగికొనెడివారు. గణపతిదేవుడు 1244-45లో ఆ యాచారమును మాన్పి, ముప్పదింట నొక పాలు సుంకము మాత్రమే కొని, వర్తకులకు అభయమిచ్చెను. చందనము, కర్పూరము, ముత్తెములు, దంతము, పట్టు, పగడములు మొదలగు సరకులు ఆ శాసనమున పేర్కొనబడినవి. ఆ శతాబ్దాంతమున వెనీసు నగరవాసియగు మార్కోపోలో ఈ దేశమును గూర్చి వ్రాయుచు ఇచ్చటి వజ్రములను, సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. కాకతీయుల సిరికి మెట్టసీమ చెఱువు లొక కాలును, మన తీరపు రేవు మఱియొక కాలును. ఈ మాటను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. కథాంతమున దీనితో పని గలదు.

ఇట్టి సభా సంచికలో రాజు పేరెత్తగనే ఆతడు ఏ కులమువాడను ప్రశ్న పుట్టక మానదు. దానిని దాటవేయుట మాకు ఉచితముగా తోచదు. కాకతీయుల శాసనములలో అధికభాగము వారిని చతుర్థకులజులనియు, దుర్జయ వంశీయులనియు చెప్పుచున్నవి. కొన్ని మాత్రము సూర్యవంశముతో ముడిపెట్టినవి. విద్యానాథుడు రెండింటికిని చిక్కక, ఈ వంశము సూర్యచంద్ర వంశములను మించినదని చమత్కరించి తప్పించుకొనెను. ఇక వారిని కొలిచినవారో! రేచెర్లవారు, గోనవారు, ఇందులూరివారు, కొలనివారు, కాయస్థులు, ముసునూరివారు - ఈ యింటిపేర్లు చూచినచో ఆ సామ్రాజ్యము ఒక్క కులపు సొత్తుగా ఎన్నడును లేదని తెలియును. అందఱును దానిని తమదనుకొనిరి. నిలిచినన్నాళ్లు అది నిలుచుటకు అదియే హేతువని మా యభిప్రాయము.

రుద్రమదేవికి పుత్రసంతానము లేకపోవుటచే, దౌహిత్రుడగు ప్రతాపరుద్రుని కుమారునిగా స్వీకరించి యువరాజును చేసెను. ఆమె చివరి దినములలో కాయస్థ అంబదేవుడు తిరుగబడెను. 1289 నవంబరు 27వ తేదీ గల చందుపట్ల శాసనము, ఆ మహారాణికిని ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా నొక సేవకుడు భూదానము చేసెనని చెప్పుచున్నది. అంబదేవునితోడి యుద్ధమున వారిరువురును నిహతులైరని చరిత్రకారులు దీనినిబట్టి నిశ్చయించిరి. గుఱ్ఱమెక్కి తిరిగిన తల్లి ఎట్లు పోయెనో తెలుపునది ఆస్థానకవి పద్యము గాదు, నల్లగొండ సీమలోని పల్లెటూరి రాయి.

శోకమునకు అవకాశము లేకయే ప్రతాపరుద్రుడు రాజ్యమునకు వచ్చెను. 1291లో ఆతని సైన్యము త్రిపురాంతకము మీదికి నడచెను. దానిని నడిపినవారిలో కొలని సోమమంత్రి కుమారుడగు మనుమ గన్నయయు, ఇందులూరి అన్నయదేవుడును ముఖ్యులు. కొలను అనగా మన కొల్లేటి ప్రాంతమే. అంబదేవుడు త్రిపురాంతకమును విడిచి దక్షిణమునకు తొలగెను. యువకుడగు రాజు తొలి పరీక్షలో గెలిచెను.

కాని ఆ తిరుగుబాటు ఆతనికి ఒక పాఠము నేర్పెను. అంబదేవుడు పరాయివాడు గాడు. రుద్రమదేవి పక్షమున నిలిచిన కాయస్థ సేనానులకు తమ్ముడు. తరతరములుగా ఒకేచోట పాతుకొనిపోయిన సామంతుని నమ్మరాదని రాజు తలచెను. అందుచే నాయంకర పద్ధతిని విస్తరింపజేసెను. కొన్ని గ్రామముల యాదాయమును నాయకున కొసగుట, ఆ నాయకుడు దానితో నియమితమైన సేనను పోషించి పిలిచినప్పుడు తెచ్చుట - ఇదియే ఆ పద్ధతి. ఓరుగంటి కోటకు డెబ్బదియేడు బురుజులు గలవనియు, ఒక్కొక్క బురుజు నొక్కొక్క నాయకునకు అప్పగించెననియు ప్రతాపచరిత్ర చెప్పును. శాసనములను లెక్కించి చూచిన నేటి పండితులును, ఈ రాజు కాలమున ప్రాచీన సామంత వంశముల పేర్లు తగ్గి, క్రొత్త నాయకుల పేర్లు మిక్కిలి పెరిగినవని చెప్పుచున్నారు. పుట్టుకను జూడక సామర్థ్యమునుబట్టి మనుష్యుని పైకి దెచ్చిన పద్ధతి యిది. ఇందు గుణమెంతయో దోషమును అంతయే గలదు. నాయకుని భక్తి సింహాసనమునకు గాక దానిపై కూర్చున్న మనుష్యునకు ముడిపడెను. ఆ మనుష్యుడు లేనినాడు డెబ్బదియేడు ముడులును ఒక్కసారిగా విడిపోవును.

ఉత్తరమున ఢిల్లీయందు అల్లా ఉద్దీన్ ఖిల్జీ ప్రబలుడయ్యెను. 1303లో ఆతని సైన్యము వంగదేశపు మార్గమున వచ్చి తెలుగునేలపై బడెను. ఉప్పరపల్లి యొద్ద పోతుగంటి మైలియు, రేచెర్ల ప్రసాదిత్యుని కుమారుడగు వెన్నమయు దానిని ఓడించి తరిమిరని వెలుగోటివారి వంశావళి చెప్పుచున్నది. ఈ గెలుపు ఓరుగంటికి ధైర్యమిచ్చెను. బహుశః కావలసినదానికంటె నెక్కువగానే యిచ్చెను.

ఆఱేండ్లకు, 1309 శరత్కాలమున, మాలిక్ కాఫూర్ ఢిల్లీనుండి బయలుదేరెను. ఈసారి వంగదేశపు అడవులు గాక దేవగిరి మార్గము పట్టెను. 1310 జనవరిలో హనుమకొండ గుట్టమీదనుండి ఓరుగంటిని చూచి ముట్టడి ప్రారంభించెను. బయట మట్టికోట, లోపల రాతికోట, నడుమ అగడ్తలు. ఆ మట్టికోట యెంత గట్టిదో ఢిల్లీ ఆస్థానకవియగు అమీర్ ఖుస్రో అబ్బురపడుచు వ్రాసెను. ఐనను వారములకొలది పోరాడి శత్రువులు దానిని చొచ్చిరి. రాతికోట పడకముందే రాజు సంధికి దిగెను. ఆ సంధి సమయమున ప్రతాపరుద్రుడు తన రూపమును బంగారముతో పోత పోయించి, ఆ ప్రతిమ మెడకు బంగారు గొలుసు తగిలించి శత్రుసేనాని యొద్దకు పంపెనని ఖుస్రో చెప్పెను. లొంగుబాటునకు గుఱుతది. నూరు ఏనుగులును, ఏడువేల గుఱ్ఱములును, తరతరముల ధనరాసులును ఢిల్లీకి తరలినవని బరనీ యను చరిత్రకారుడు వ్రాసెను. ఏటేట కప్పము పంపుటకును ఒడంబడిక యయ్యెను.

ఈ సంధిని పిరికితనమని నిందించువారు గలరు. మేము వారితో నేకీభవింపము. కోటలోపల ప్రాణభయముతో తలదాచుకొన్న ప్రజలుండగా, బంగారు బొమ్మ మెడకు గొలుసు వేసి వేలకొలది నిజమైన మెడలను కాపాడుకొనుట రాజధర్మమునకు విరుద్ధము గాదు. దోషము అచ్చట లేదు; ఆ పిమ్మట గలదు. కప్పము ఆకాశమునుండి పడునది గాదు. అది చెఱువు క్రింది పొలమునుండి రావలెను, రేవులోని సుంకమునుండి రావలెను. గణపతిదేవుడు ముప్పదింట నొక పాలుతో తృప్తిపడి నింపిన బొక్కసము ఇట్లు ఒక్క త్రోవన పోయెను. ఏనుగుల మందను ఒక్క సంవత్సరములో మరల పెంచలేము. గుఱ్ఱమును కొనవలెనన్నను ధనము గావలెను.

ఐనను ఓరుగంటి చేయి అప్పటికి పడిపోలేదు. 1316లో నెల్లూరి నేలుచున్న ముప్పిడి నాయకుడు కాంచీపురమును పట్టుకొని అచ్చట కాకతీయాధికారమును నిలిపెను. దక్షిణమున గెలుచుచున్న రాజునకు ఉత్తరపు గండము గడచినట్లే తోచియుండును. ఢిల్లీలో కలహములు రేగినప్పుడెల్ల కప్పము నిలిచెను. 1318లో ఖుస్రోఖాన్ దండెత్తి వచ్చి మరల దానిని వసూలు చేసికొనిపోయెను.

1320లో ఢిల్లీ సింహాసనము తుగ్లకుల పాలయ్యెను. ఘియాజుద్దీన్ తుగ్లక్ కప్పముతో తృప్తిపడువాడు గాడు, రాజ్యమునే కోరెను. ఆతని కుమారుడు ఉలుగ్‌ఖాన్, పిమ్మట మహమ్మద్ బిన్ తుగ్లక్ అని ప్రసిద్ధుడైనవాడు, 1321-22లో ఓరుగంటిని చుట్టుముట్టెను. కోట లొంగలేదు. నెలలు గడచినవి. ఇంతలో ఢిల్లీలో సుల్తాను మరణించెనను వదంతి దండులో పుట్టెను. సేనానులలో కొందఱు దండు విడిచి పోయిరి. ఉలుగ్‌ఖాన్ మిగిలినవారితో దేవగిరికి తొలగిపోయెను.

ఈ కథ యంతయు ఇచ్చట నిలిచియున్నది. శత్రువు మరల రాడని ఓరుగంటివారు నమ్మిరి. వేడుకలు జరిగినవనియు, కోటలో కూడబెట్టిన ధాన్యము బయటకు పోయెననియు, చేరిన బలములు తమతమ యూళ్లకు మరలిపోయెననియు అప్పటి పారసీక కథకులు చెప్పుదురు. నెలలకొలది పొలమునకు దూరమైన నాయకుడు ఇంటికి పోవలెనని కోరుట సహజమే. ముట్టడిలో అలసిన రాజు కొట్లు తెఱచుటయు సహజమే. సహజములగు ఈ రెండును కలిసి సామ్రాజ్యమును ముంచినవి. ఉలుగ్‌ఖాన్ దేవగిరిలో నుండియే తండ్రి పంపిన క్రొత్త బలమును గూర్చుకొని 1323లో తిరిగివచ్చెను. దారిలో బీదరును, బోధనును పట్టుకొని, ఈ పర్యాయము వెనుక మార్గమును భద్రపఱచుకొనెను.

అయిదు నెలలు ఓరుగల్లు నిలిచెను. లోపల ఆకలి, వెలుపల శత్రువు. పిమ్మట పుట్టిన వంశావళులలోను, స్థలకైఫీయతులలోను, ఫలాన కులమువారు పోరక నిలిచిపోయిరని మఱియొక కులమువారు చెప్పుకొను కథలు గలవు. ఆ కథలను మేము విశ్వసింపము. వానిని చెప్పు సమకాలిక శాసనము లేదు. ఒక్కొక్క కథలోను తప్పు ఎల్లప్పుడును ఎదుటివానిదే యగుచుండును. ఆకలికి కులము లేదు. కొట్లు వట్టివైనప్పుడు బురుజు ఎవరి చేతిలో నున్నను దాని బలము ఒక్కటే. తుదకు ప్రతాపరుద్రుడు లొంగిపోయెను. ముప్పదినాలుగేండ్ల యేలుబడి ముగిసెను.

1310లో బంగారు బొమ్మ ఢిల్లీకి పోయినది. 1323లో రాజే పోవలసివచ్చెను. తెలుగుదేశమున ఆయన నుంచుట ప్రమాదమని యెంచి ఉలుగ్‌ఖాన్ ఆయనను, కుటుంబమును, ఏనుగులను, ధనమును ఖాదిర్‌ఖాన్, ఖ్వాజా హాజీ యనువారి రక్షణలో ఉత్తరమునకు పంపెను. ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరలేదు. దారిలో మరణించెనని ఢిల్లీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ చెప్పెను. ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము, ఆయన సోమోద్భవా తీరమున, అనగా నర్మదా తీరమున, దివంగతుడయ్యెనని చెప్పుచున్నది. కలువచేరు శాసనము ఆయన తన యిచ్చ చొప్పున స్వర్గమునకు పోయెనని చెప్పును. ఈ మూడును ఒకదానితో నొకటి విరోధింపవు. బందీయై ఢిల్లీ వీథులలో ఊరేగుటకు ఇష్టపడక ఆయన నదీతీరమున ప్రాణములు విడిచెనని పెక్కుమంది చరిత్రకారులు తలంతురు. మేమును అట్లే తలంతుము.

ఆయనతో పాటు ఢిల్లీకి పోయినవారిలో వేఱొక త్రోవ పట్టిన తెలుగువాడు గలడు. అఫీఫ్ చెప్పిన ప్రకారము, ప్రతాపరుద్రుని యాదరము పొందిన ఆ యుద్యోగి మహమ్మదీయ మతము స్వీకరించి, మక్బూల్ అను పేరు బడసి, క్రమముగా పైకివచ్చెను. 1351లో గద్దె నెక్కిన ఫిరోజ్‌షా తుగ్లక్ ఆతనిని ఖాన్‌-ఇ-జహాన్ బిరుదుతో వజీరుగా నుంచుకొనెను. ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా సమీపమున ఎనిమిది పలకలుగా కట్టిన ఆతని సమాధి గలదు. మేము ఆతనిని నిందింపబోము, మెచ్చనుబోము. ఓరుగల్లు తయారుచేసిన సామర్థ్యము ఢిల్లీ రాజ్యమును నడిపెనని మాత్రము చెప్పుదుము.

ఇచ్చట ఓరుగంటికి సుల్తాన్‌పురమని పేరు పెట్టిరి. 1324లో రాజమహేంద్రవరమున మసీదు శాసనము వెలసెను. అనగా ఒక్క సంవత్సరములోనే క్రొత్త ప్రభుత్వము గోదావరిని చేరినది. అగ్రహారములు అన్యాక్రాంతమైనవనియు, కృషీవలుడు పండించినది ఆతనికి దక్కలేదనియు విలస శాసనము వాపోయినది. రాజు పోయిన వెంటనే మేము పైన చెప్పిన ముడులన్నియు విడిపోయెను. కాని చిత్రమేమన, విడిపోయిన దారములు కొన్ని తమంతట తామే మరల పేనుకొన్నవి. ముసునూరి యింటివాడగు ప్రోలయనాయకుడు - ఆ యింటిపేరు మన కృష్ణామండలపు ముసునూరుదే యని పండితులు చెప్పుదురు - గోదావరీ తీరపు రేకపల్లి రాజధానిగా పోరాడి, అన్యాక్రాంతమైన అగ్రహారములను తిరిగి యిచ్చెను. 1325లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో స్వతంత్రుడయ్యెను. ప్రోలయనాయకుని పిమ్మట కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగంటినే తిరిగి పట్టుకొని ఆంధ్రసురత్రాణుడని బిరుదు వహించెను. సింహాసనము లేక, పిలుచు రాజు లేక, నాయంకరపు పత్రము లేక ఆ నాయకులు ఒక్కచో చేరుట మన చరిత్రమున అరుదైన విషయము. అది యెంతకాలము నిలిచెనని యడుగవలదు. 1368 ప్రాంతమున కాపయ భీమవరము యుద్ధమున మడిసెను. ఎదుట నిలిచినది ఢిల్లీ సేన గాదు, రేచెర్ల అనపోతానాయకుడు.

ఓరుగంటి కోట నడుమ నాలుగు దిక్కులను నాలుగు శిలాతోరణములు గలవు. వాని నడుమనున్న గుడి లేదు. మోటుపల్లి రేవు వెనుకటి వైభవమును గోల్పోయెను. ప్రతాపరుద్రుని కొఱకు నర్మదా తీరమున ఎవరును రాయి నాటలేదు. కాని ఆయన పోయిన సరిగా నూఱేండ్లకు, 1423లో, కాటయ వేమారెడ్డి కూతురును, రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి భార్యయు నగు అనితల్లి కలువచేరు గ్రామమును దానము చేసెను. ఆ దానశాసనమున తన రెడ్డి వంశమును మాత్రమే కీర్తించి యూరకుండవచ్చును. ఆమె యట్లు చేయలేదు. మొదట కాకతి ప్రతాపరుద్రుని చెప్పించి, పిదప ముసునూరి ప్రోలయను, కాపయను, ఆతనిని కొలిచిన డెబ్బదియైదుగురు నాయకులను చెప్పించి, ఆ వెనుకనే తన వారి కథ రాగిరేకులపై చెక్కించెను.